ఒక పక్క బరువైన కాంచళి

డోర్నకల్ దగ్గర తండా,
12 నవంబరు 2025, బుధవారం

రజితక్కకు చెల్లెలు చాందీ నమస్కారాలు. బావకు దండాలు, ఈ ఏడే బడిలో చేరిన బుజ్జిగాడికి ముద్దులు.

పొద్దున్నే ఉలిక్కిపడ్డాను అక్కా. మనల్ని కన్న యాడికి దవాఖాన బట్టలు సర్దుతుంటే సందూకు పెట్టె అడుగున చనిపోయిన అమ్మమ్మ, మన నాని కాంచళి రవిక దొరికింది. అద్దాలు ఇంకా మెరుస్తున్నాయి. కానీ ఒక పక్కే బరువుగా ఉంది. తిప్పి చూస్తే లోపల దూది, పాతగుడ్డల ముద్ద, చుట్టూ ఎడమకు వాలిన కుట్లు. రెండో పక్క ఉత్త గుడ్డే.

నిన్న వరంగల్‌లో యాడి కోసం డాక్టర్లంతా ఒకే బల్ల చుట్టూ కూర్చున్నారు. గడ్డ తీసే మేడం, కొత్త రొమ్ము చేసే సారు, మందులిచ్చే ఆయన, రేడియేషన్ కరెంటు పెట్టే ఆయన. ముందు ఏది చేయాలో ఒకరి మాట కోసం ఒకరు ఆగారు. పొట్ట మీది కొవ్వుతో రొమ్ము చేస్తామంటే, నా పొట్టల జొన్నరొట్టె తప్ప ఏమున్నది సారూ అని యాడి అందరినీ నవ్వించింది.

అప్పుడు మేడం, మీ ఇంట్ల ఇంకెవరికన్న గిట్లయిందా అమ్మా అని అడిగింది. రెండో రొమ్ము ఉంచాలా తీయాలా, ఆడపిల్లలకు పరీక్షలు చేయాలా అన్నది ఆ జవాబు మీదే ఉందట. ఎవ్వరికి లేదు మేడం, మా అవ్వ గాలి సోకి పోయింది అన్నది యాడి. శుక్రవారం ఆపరేషన్ ఖాయం చేశారు.

ఈరోజు పొయ్యి దగ్గరే ఆమె ముందు కాంచళి పెట్టాను. గబుక్కున కొంగు కప్పింది. నోరు మూస్కో బిడ్డా, గీ ముచ్చట బయటపడితే రజితను ఆ ఇంట్ల ఉంచుకుంటరా అన్నది. పెనం మీద రొట్టె మాడిపోయింది. దాపరికం అనే మాట ఇన్నాళ్లూ పుస్తకాల్లోనే చదివాను. ఇకమీదట ఆ మాట వింటే నాకు మాడు వాసన వస్తుంది.

దవాఖాన నర్సమ్మ నంబరుకు ఫోన్ చేసి మేడంకు నానికి కూడా రొమ్ము జబ్బే అన్న సంగతి చెప్పేశాను. జర ఆగుదాం, రక్తపరీక్ష చేసి మళ్లీ అందరం కూర్చుంటాం, మీ అక్కను కూడా తీసుకురా అన్నది.

నీకు ఫోన్ చేస్తే బావ స్పీకర్ పెడతాడు. అందుకే ఈ రాత్రికే మీ భూపాలపల్లి బొగ్గుబావి డ్యూటీకి తిరిగి వెళ్తున్న రాంజీ బాబాయి చేతికి ఇది ఇస్తున్నాను.

నీ చెల్లెలు,
చాందీ

తా.క.: తీజ్ పండక్కి ఇంటికి వచ్చినప్పుడు నీ రవిక మీద తడి మరక చూసి అడిగితే పాలు అన్నావు. బడికి పోయే పిల్లాడికి ఏం పాలక్కా? ఆ రవిక ఉతికింది నేనే. నీళ్లు ఎర్రబడ్డాయి. లోపల దూది కుట్టి ఉంది, ఎడమకు వాలిన కుట్లతో. మన ఇంట్లో ఎడమచేత్తో కుట్టేది యాడి ఒక్కతే. ఆమె దాచింది నానిని కాదు, నిన్ను.

రేపు పొద్దున మొదటి బస్సుకు మీ ఊరికి బయలుదేరుతున్నాను. బావ అడిగితే యాడి ఆపరేషన్ అని చెప్పి బస్టాండుకు రా. ఆ రవిక కూడా తీసుకురా, మేడం చూడాలి.