నాన్నకు ఇంగ్లీషులో ఉత్తరం

అమ్మా,

హాస్టల్లో బాగానే ఉన్నాను, జ్వరం తగ్గింది, బెంగ పెట్టుకోకు. ఇంగ్లీషు పరీక్ష దగ్గరపడింది. గ్రామరు ఫరవాలేదు, పాఠం చదివి జవాబులు రాయడమూ వస్తోంది. ఉత్తరం దగ్గరే వచ్చింది చిక్కు. "నీ చదువు ఎలా సాగుతోందో నాన్నకు రాయి" అనే ప్రశ్న ఏటా వస్తుందట, రోజూ అదే రాయిస్తున్నారు. నాన్న పోయి రెండు నెలలైనా కాలేదు, మామయ్యకు రాస్తానండీ అన్నాను. "పేపర్లో నాన్న అని ఉంటే నాన్నకే రాయాలమ్మా, మార్కులు ఊరికే రావు" అన్నారు టీచరుగారు. ఒళ్ళు మండింది, అయినా రాశాను. పైన మన ఇంటి అడ్రసు వేశాను. ఆరోగ్యం జాగ్రత్త నాన్నా అని కూడా రాశాను. చివర్లో "మీ జవాబు కోసం ఎదురుచూస్తుంటాను" అని రాయడానికి మాత్రం చెయ్యి రాలేదు. దానికి ఒక మార్కు కోసేశారు.

నాన్న కుట్టుమిషను ఎవరడిగినా ఇవ్వకు. నా శాలువా పంపు. వంటగది కప్పు ఇంకా కారుతోందా? చెల్లి సరిగ్గా తింటోందా? నాయనమ్మకు నా నమస్కారాలు.

నువ్వు మాత్రం జవాబు రాయమ్మా. రెండు ముక్కలైనా సరే, ఎదురుచూస్తుంటాను.

నీ పెద్దపిల్ల