అంకితం పేజీలో నా పేరు

ఫిబ్రవరి 2, 2025. ఆదివారం

దేవునికి స్తోత్రం! మా బిడ్డ డెబోరా మూడో కథల పుస్తకం అచ్చుకు పోతోంది. పాస్టరుగారు చెప్పగానే చర్చిలో అందరూ చప్పట్లు కొట్టారు. నాకు కళ్లు తుడుచుకోవడమే సరిపోయింది.

ఇరవై ఏళ్ల కింద ఆమె మొదటి కథను ఒక పత్రిక తిప్పి పంపింది, ఈ ఖని మాటలు ఎవరికి అర్థమవుతాయని. పిల్ల ఏడుస్తుంటే డ్యూటీ మానేసి పక్కన కూర్చున్నాను. ఇప్పుడు ఆ మాటలే పుస్తకం. మా అమ్మ జొన్నలు దంచుతూ పాడిన క్రిస్మస్ పాటలు, బొగ్గుగని బాయిలో నేను బొగ్గు ఎత్తిన తట్టా, చెమ్మస్ పారా, అన్నీ ఉన్నాయట అందులో.

ఫిబ్రవరి 4

డెబోరా ఫోన్ చేసింది. అంకితం నాకేనట! బాపూ, ఏ పేరు వెయ్యాలె అని అడిగింది.

ఆలోచించి చెప్త బిడ్డా అని ఫోన్ పెట్టేశాను.

అదే రోజు, సాయంత్రం 5

1979లో మా ఊరి బుచ్చన్నకు బాయి పని ఆర్డరొచ్చింది. మొదటి రోజే లోపలి చీకటి చూసి పారిపోయాడు. ఆ కాగితం పట్టుకుని నేను పోయాను. హాజరు తీసుకునే మస్టర్‌లో బుచ్చన్న అని పిలిస్తే హాజర్ అన్నాను. ముప్పై అయిదేళ్లు అట్లాగే అన్నాను. పిల్ల సర్టిఫికెట్లలోనూ తండ్రి బుచ్చన్నే.

నన్ను అసలు పేరుతో సామ్యేల్ అని పిలిచే మా అమ్మ పోయి ముప్పై ఏళ్లయింది.

ఫిబ్రవరి 6

అసలు పేరు వేస్తే పెన్షన్ ఆపుతారేమో అన్నాను నా భార్య యేసమ్మతో. బాయిల ఎట్లనో బతికినవ్, బిడ్డ పుస్తకంలనన్న నీ పేరుతోని నీ లెక్క ఉండు అని కసిరింది.

ఫిబ్రవరి 9

బసంత్‌నగర్ పోయాను. బుచ్చన్న సిమెంటు ఫ్యాక్టరీలో పని చేసి అక్కడే స్థిరపడ్డాడు. పేరు అతనిది కదా, అడగాలి.

నా పేరును గన్నేండ్లు బొగ్గుల ముంచి ఇప్పుడు కడిగి ఇయ్యొచ్చినవారా అని పకపకా నవ్వాడు. చాయ్ తాగించాడు. నేను బాయిల నుంచి ఉరికినందుకే గా పిల్ల సదువుకున్నది, ఏం ఫికర్ చెయ్యకు, జల్ది నీ పేరు ఏపియ్యి అన్నాడు.

బస్టాండులోనే డెబోరాకు ఫోన్ చేసి, సామ్యేల్ అని వెయ్యి బిడ్డా అన్నాను. ఏమైతే అదైంది. అటు ఆమె ఏడుపు, ఇటు నేను. దవాఖానకు పోవాల్నా పెద్దయ్యా అని కండక్టరు అడిగాడు!

మార్చి 16. ఆదివారం

పుస్తకం ఆవిష్కరణ సభ. హాలు నిండింది. పుస్తకం అందుకోవడానికి సామ్యేల్ గారు స్టేజీ మీదికి రావాలని మైకులో పిలిచారు. అందరితోపాటు నేనూ చప్పట్లు కొట్టాను, ఎవరొస్తారా అని వెనక్కి తిరిగి చూశాను. మళ్లీ పిలిచారు. పక్క కుర్చీలో బుచ్చన్న మోచేత్తో పొడిచి, లెవ్వురా, నన్ను కాదు అన్నాడు.

మార్చి 17, ఉదయం 6

అంకితం పేజీ తెరిచి పేరు గట్టిగా చదివాను.

హాజర్ అన్నాను.