నీలి చార కింద

కామెరన్, అరిజోనా

తమ్ముడు లీలాండ్‌కు,

అమ్మ కంటిలో శుక్లం తీసేశారు, బాగానే ఉంది, కంగారు పడకు. కట్టు విప్పగానే, చిన్నప్పుడు తను గొర్రెలు కాసిన రంగుల దిబ్బల్లోకి తీసుకెళ్లమని పట్టుబట్టింది. చెయ్యి పట్టుకుని మెల్లగా నడిపించాను. ఎర్ర మట్టి దాటి బూడిదరంగు దిబ్బ మలుపు తిరగగానే, దిబ్బ పక్కన నీలి మట్టి చార చూసి ఆగిపోయింది.

"ఈ నీలి చార వానలకి ఎప్పుడో కొట్టుకుపోయిందనుకున్నానే! దీని కిందే నేనూ చెల్లి దెస్బా కలిసి రొట్టె పంచుకుని కునుకు తీసేవాళ్లం. గొర్రెలు ఎటో పోయేవి, ఇంటికెళ్తే మా అమ్మ చేతిలో తిట్లే తిట్లు" అని నవ్వుతూనే ఏడ్చేసింది. పిన్ని పోయాక ఆ పేరు అమ్మ నోట రావడం ఇదే మొదలు.

కళ్లు తుడుచుకుని నావైపు తిరిగి, "ఏమే, నీ జుట్టు ఎప్పుడు నెరిసిందే?" అంది.

"నీకు కనపడనప్పుడేనమ్మా" అన్నాను.

మళ్లీ మగ్గం నేస్తుందట. అక్కడ నీలం ఉన్ని దొరికితే పంపు. ముదురుది వద్దు, వాన మబ్బు రంగుది కావాలి. నీ మోకాలి నొప్పి తగ్గిందా? రైలు పట్టాల పని ఎన్నాళ్లుంటుంది?

అమ్మ దీవెనలు. నువ్వు లావయ్యావో చిక్కావో రాయొద్దంది. వస్తే తనే చూసుకుంటుందట.

మీ అక్క,
రోజలిన్