ఆఖరి పది నిమిషాలు

సరోజిని గారికి,

మీరు కన్నుమూసి నేటికి ఏడాది. చేరదని తెలిసే ఈ ఉత్తరం రాస్తున్నాను.

నిన్న ఇక్కడ అమెరికాలో, మా అబ్బాయి వాళ్ల ఊరు నోవై గ్రంథాలయంలో వృద్ధుల కోసం ఒక పాత హాలీవుడ్ ప్రేమకథ వేశారు. మనవరాలు నన్ను తీసుకువెళ్లింది. తెర మీద ఆ రైల్వే స్టేషను కనబడగానే గుర్తుపట్టాను. మన బడిలో నేను తెలుగు, మీరు లెక్కలు చెప్పే రోజుల్లో, ఒక ఆదివారం మార్నింగ్ షోలో మనం చూసిన చిత్రమే అది.

ఆనాడు నాయికకు వీడ్కోలు చెప్పి నాయకుడు ఎక్కిన రైలు కదలగానే హాల్లో దీపాలు వెలిగాయి. మీరు గడియారం చూసుకున్నారు.

"అప్పుడేనా? కాసేపు కూర్చుందాం మాస్టారూ."

"అయిపోయిందండీ. ఇంగ్లీషు చిత్రాలు ఇలాగే ముగుస్తాయి," అన్నాను.

బయటికి వచ్చాక, కులాలు వేరైన మనం కూడా అంత హుందాగా విడిపోవాలని మీకు బోధించాను. మీరు మరుసటి నెలలోనే బదిలీ చేయించుకున్నారు.

నిన్న చిత్రం అక్కడ ఆగలేదు. నాయకుడు తర్వాతి స్టేషనులో దిగి, పట్టాల వెంట వెనక్కి నడిచాడు. నాయిక ఇంకా ఆ ప్లాట్‌ఫారం బల్ల మీదే కూర్చుని ఉంది. మ్యాట్నీకి వేళవుతోందని మన ఊరి హాలువారు ఆఖరి పది నిమిషాలు ఎగరగొట్టారన్నమాట.

"తాతయ్యా, హ్యాపీ ఎండింగే కదా, ఎందుకు అప్‌సెట్ అయ్యావ్?" అని మనవరాలు అడిగింది.

"కథ అసహజంగా ఉందమ్మా," అన్నాను.

సగం జవాబు రాసిన పిల్లలకు ముప్పై ఏళ్లు సున్నాలు వేసినవాణ్ణి. హాలువారిని తిట్టుకుందామంటే నోరు రావడం లేదు. కూర్చుందామన్నది మీరు. లేచి నిలబడినది నేను.

మీ సహోపాధ్యాయుడు