లెక్కల మేడంకు హాల్‌టికెట్ ఇప్పించుట గురించి

కళాశాలల తనిఖీ అధికారి గారి సముఖమునకు, పెనుకొండ దగ్గరి వేరుశనగ రైతు పాపన్న వ్రాసుకొను అర్జీ.

విషయం: తమరు అధ్యాపకురాలిగా గుర్తించిన నా కూతురు పవిత్రను తిరిగి విద్యార్థినిగా గుర్తించుట గురించి.

అయ్యా,

1. మా ప్రభుత్వ డిగ్రీ కళాశాల ఒకప్పుడు టీచర్ ట్రైనింగ్ స్కూలు. బోర్డు మారినది గానీ అలవాట్లు మారలేదు. పై తరగతి వారు కింది తరగతికి పాఠం చెప్పి చూపవలెను. ఆ రోజు ఆడపిల్లలు చీర కట్టవలెను. పెద్దలు వెనక బెంచీలో కూర్చుని వినవలెను. మంచి అలవాటే, కాదనను. అయితే లెక్కల సారు రిటైరైన నాటి నుండి కళాశాలను నడుపుచున్నది ఈ అలవాటు ఒక్కటే. ఫైనలియర్ చదువుచున్న నా కూతురు రోజూ వాళ్లమ్మ చీర కట్టుకుని ఫస్టియర్ పిల్లలకు లెక్కలు చెప్పుచున్నది.

2. తమరు తనిఖీకి విచ్చేసి, వెనక బెంచీలో ఆసీనులై, మజ్జిగ సేవిస్తూ పాఠమంతా విన్నారు. "చాలా బాగా చెప్పారు మేడం" అని మెచ్చుకున్నారు. ప్రిన్సిపాలు గారు నోరు తెరిచేలోపే "లెక్కల పోస్టు ఖాళీ లేదు" అని రాసి కారెక్కినారు. దాంతో మాకు రావలసిన కొత్త లెక్కల సారు ధర్మవరం కళాశాలకు పోయినారు. మూడేళ్లు చదివితే గానీ రాని డిగ్రీని చీర చూసి ఇచ్చేసిన తమ దొడ్డ మనసుకు దండాలు.

3. ఇప్పుడు హాజరు చాలలేదని ఆ పిల్లకు హాల్‌టికెట్ ఆపినారు. తన క్లాసులో కనపడలేదట. ఎట్లా కనపడుతుందయ్యా? పక్క గదిలో సుద్దముక్క పట్టుకుని నిలబడి ఉండె గదా! ఆఫీసుకు పోయి అడిగితే గుమాస్తా, "ఏమప్పా, మేడంలకు హాల్‌టికెట్ యాడన్నా ఇస్తారా?" అని నవ్వినాడు. నాకు నవ్వు రాలేదు. మా వంశంలో డిగ్రీ గడప తొక్కిన మొదటి మనిషి అది. ఈ పరీక్ష తప్పితే హిందూపురం గార్మెంట్స్ ఫ్యాక్టరీకి పంపమని మా అన్నదమ్ములు అప్పుడే అంటున్నారు.

4. కావున మనవి ఏమనగా, పవిత్ర మేడం అయితే జీతం ఇప్పించండి, విద్యార్థిని అయితే హాల్‌టికెట్ ఇప్పించండి. రెండూ కాదంటే, ఆ పిల్ల ఎవరో తమరే రాసి ముద్ర వేసి ఇవ్వండి, ఇంట్లో గోడకు తగిలించుకుంటాము.

పరీక్షల లోపల చిత్తగించవలెను. తరువాత చిత్తగించి ప్రయోజనము లేదు.

తమ విధేయుడు,
పాపన్న

తా.క.: ఇది రాసినాక, "రేపట్నుంచి పాఠాలు బంద్. పోయి నీ క్లాసులో కూచో" అని పవిత్రను గట్టిగా కసిరినాను. "నేను కూచుంటే ఆ పిల్లోళ్లకు ఎవరు చెప్తారు నాయనా? వాళ్లకూ పరీక్షలు ఉండాయి గదా" అనింది. తిట్టబోయి, మళ్లీ ఈ కాగితమే తీసినాను.  అది అడిగినదానికి జవాబు మీ దగ్గర ఉంటే వచ్చి ఆ పిల్లకు చెప్పండి సారూ.