మూడో ఫారం

ప్రియమైన అత్తకు,

నువ్వు కుట్టి పంపిన దెయ్యం నవల అందింది. హాస్టల్ మంచమ్మీద నిటారుగా కూర్చుని, పరీక్షలకు కూడా చూపని భక్తితో చదివాను. తలా తోకా లేదు! ముప్ఫై రెండో పేజీలో కోడలు దీపం పట్టుకుని మేడెక్కుతుంది. పేజీ తిప్పితే దెయ్యమై తల దువ్వుకుంటోంది. పదహారు పేజీలయ్యాక బతికొచ్చి మామగారికి మందులిస్తోంది. పేజీ నంబర్లు కూడా ముప్ఫై రెండు నుంచి నలభై తొమ్మిదికి దూకాయి. ఇది రచయిత ప్రయోగమని, చదువుకున్నవాణ్ణి కాబట్టి, ఇట్టే పట్టేశాను. 'అంకెలకు సైతం దెయ్యం పట్టించిన మహానుభావుడు' అంటూ వారపత్రికకు అభిప్రాయం రాసి పడేశాను.

ఇట్లు,
నీ మేధావి మేనల్లుడు

*

ఒరేయ్ మేధావీ,

ఆ ఉత్తరం వెనక్కి తెప్పించు. ముప్ఫై మూడో పేజీ ఎక్కడుందో చూసి వెంటనే రాయి. మా బైండింగు షాపులో పదహారు పేజీలు ఒక ఫారం. వాటిని వరుసగా పేర్చి కుట్టేది నేనే. రచయిత పాపం ఏ ప్రయోగమూ చేసినట్టు లేదు. నీ నోటి దురద కాస్త ఆపుకో. వేళకు తింటున్నావా?

అత్త

*

ప్రియమైన అత్తా,

ఆలస్యమైంది, అచ్చయిపోయింది! చుట్టూ డబ్బా కట్టి మరీ వేశారు. మెస్సులో అందరూ 'విమర్శకా, పప్పు ఇటు జరుపు' అంటున్నారు. నువ్వడిగిన ముప్ఫై మూడు, అరవై నాలుగు తర్వాత ఉంది. అంటే మూడో ఫారం, నాలుగో ఫారం తారుమారు. ఒక్క కాపీయే కదా, ఎవరు చూస్తారు? 'మా అత్త స్వహస్తాలతో కుట్టిన ప్రతి' అని అందులో గర్వంగా రాశాను కూడా.

నీ విమర్శకుడు

*

నాయనా,

మా ఓనరు పత్రిక చూశాడు. కట్టలు విప్పిస్తే నలభై కాపీలు అలాగే ఉన్నాయి.

ఆర్నెల్లుగా నాకు పేజీల మీది చిన్న అంకెలు అలుక్కుపోయినట్టు కనిపిస్తున్నాయి. ఎవరికీ చెప్పలేదు. బల్లమీద ఏ ఫారం దొంతి ఎక్కడుందో గుర్తుపెట్టుకుని చేత్తో ఎత్తేదాన్ని. ఈ నవల కుట్టిన రోజు, వెలుతురు బాగుంటుందని ఓనరే బల్లను కిటికీ దగ్గరికి జరిపించాడు. జరపడంలో రెండు దొంతులు అటూ ఇటూ అయ్యాయి. మంచికే చేశాడు పాపం.

'కళ్ళు బాగయ్యాక చూద్దాం లేమ్మా' అన్నాడు. ఇరవై రెండేళ్ళ పని, అలా ఆగిపోయింది. ఎప్పటికైనా బయటపడేదే. నీ చేత బయటపడింది, అంతే. ఆ రచయితకు మాత్రం క్షమాపణ రాయి.

అత్త

*

అత్తా,

దారం కోసి, ఫారాలు సరిచేసి చదివాను. పసిపిల్లలకు కూడా అర్థమయ్యే కథ. మూడో ఫారం నిండా కోడలు అందరి కళ్ళముందే చిక్కిపోతుంది. ఒక్కరూ ఏమైందని అడగరు.

రచయితకు రాశాను, జవాబు లేదు. మీ ఓనరుకూ రాశాను, తిట్టకు. పత్రికవాళ్ళకు నా వెటకారం నచ్చినంతగా నా క్షమాపణ నచ్చలేదు, ఇంకా వెయ్యలేదు.

నీ కుట్టు విప్పుతూ చూశాను. రంధ్రాలన్నీ గీత గీసినట్టున్నాయి. అన్నీ తడిమి కుట్టినవేనా? పోయిన సెలవుల్లో సూదిలో దారం ఎక్కించమని మూడుసార్లు అడిగావు. 'ముసలమ్మవైపోయావత్తా' అని నవ్వి, ఎక్కించి, మళ్ళీ పుస్తకంలో తల దూర్చాను. 'ఎందుకు?' అని ఒక్కసారైనా అడగలేదు.

ఆదివారం వస్తున్నాను. సోమవారం కళ్ళ డాక్టరు దగ్గర నీ పేరు రాయించాను. నవల విడి ఫారాలుగానే తెస్తున్నాను. అంకెలు నేను చదువుతాను, దారం నేనెక్కిస్తాను. కుట్టడం మాత్రం నీదే.

మేనల్లుడు