పొర వాపసు ఇవ్వను

మార్చి 3, సోమవారం

కంపెనీ నుంచి ఫోన్. నా కుడి కంట్లో పెట్టిన పంపు ఈ నెలాఖరుకి వాపసు ఇచ్చేయాలట. అద్దెకు తెచ్చుకున్న కుర్చీలు తిరిగి అడిగినట్టు అడిగింది ఆ అమ్మాయి. కడిగి ఇవ్వాలా, ఉన్నదున్నట్టు ఇవ్వాలా అన్నాను. ఆ అమ్మాయికి నవ్వు రాలేదు. నాకూ రాలేదు. అలవాటు కొద్దీ అన్నానంతే.

మార్చి 4, మంగళవారం

తెల్లారితే కోపం తగ్గుతుందనుకున్నాను. కాఫీతో పాటు అదీ పొంగింది. రాసి పారేస్తే తగ్గుతుందేమో.

నా జబ్బు పేరు నీటికాసులు. పేరుకే కాసులు, చేతికి ఒక్కటీ రాలలేదు. కంట్లో ఊరే నీరు బయటికి పోక, ఆ ఒత్తిడికి నరం చస్తుంది. ఎడమ కన్ను ఆపరేషన్ చేయించినా పోయింది. కుడి కంటికి చుక్కల మందు పట్టలేదు. ఎందుకు పట్టలేదో చూద్దామని డాక్టరమ్మ నా రక్తం తీసి ఒక మెషీన్‌లో పెట్టింది. అందులో ఒక పొర, ఆ పొరకి రంధ్రం. వెంట్రుకని నిలువునా వేలసార్లు చీల్చినా ఆ పోగు అందులో దూరదట, అంత సన్నం. మన వంశపు దారం ఆ రంధ్రంలోంచి దూరుతుంటే, ఏ పూస తర్వాత ఏ పూస ఉందో కరెంటు చదువుకుంటూ పోతుందట. అత్తగారిని తిట్టినవి కూడా అందులో కనిపిస్తాయా అన్నాను. అవి కనిపించవు గానీ ఒక పూస తేడాగా ఉంది, అదున్నవాళ్ళకి ఏ చుక్కలూ పట్టవు అంది డాక్టరమ్మ. మా అమ్మకీ ఆ పూసే ఉండి ఉంటుంది. చివరి ఏళ్ళన్నీ గోడ పట్టుకునే నడిచింది.

అప్పుడు పెట్టారు ఈ పంపుని. ఆవగింజలో సగం. అదీ ఓ పొరే, దానికీ అలాంటి రంధ్రాలే, కాకపోతే లక్షలు. కంపెనీ ఇచ్చిన కళ్ళజోడు కాడలోంచి కరెంటు తగిలితే కంట్లో నీటిని కొంచెం కొంచెంగా తోడి బయట పోస్తుంది. రెండేళ్ళయింది. మా ఫొటో ఫ్రేముల షాపులో కూర్చుని గాజు కోస్తున్నాను. వేళ్ళు పదీ ఉన్నాయి.

దాన్ని వాపసు ఇవ్వాలట! నా పళ్ళు కూడా లెక్కపెట్టుకుని తీసుకెళ్ళమనండి.

మార్చి 6, గురువారం

పక్క షాపు దర్జీ ఫొటో తెచ్చి, ఫ్రేము కట్టి మంచి అద్దం బిగించమన్నాడు. బిగించాను. ముఖం చూసుకునే అద్దం. నా ఫొటో ఏదమ్మా అని అరిచాడు. ఎదురుగానే ఉన్నావు, పైగా కదులుతున్నావు, ఎక్స్‌ట్రా చార్జీ లేదు అన్నాను. మూడు రోజుల్లో మొదటిసారి కడుపుబ్బా నవ్వాను.

మార్చి 8, శనివారం

డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాం. పంపు చుట్టూ కండ పట్టేసిందట, తీస్తే ఉన్న కన్నూ దక్కదు, నా చేత్తో నేను తీయను అంది. హమ్మయ్య అనుకునేలోపే ఇంకోటి చెప్పింది. కంపెనీవాళ్ళు తీయక్కర్లేదట. కళ్ళజోడు రోజూ కంపెనీని అడిగి, వాళ్ళు సరేనంటేనే కరెంటు ఇస్తుందట, అత్తగారింట్లో కొత్త కోడలిలాగా. నెలాఖరున వాళ్ళు సరే అనడం మానేస్తారట. పంపు కంట్లోనే ఉంటుంది, ఊరికే ఉంటుంది. తర్వాత నీరు. తర్వాత గోడ.

నాలాంటివాళ్ళు ఇంకా ఉన్నారా అని అడిగాను. ఉన్నారు గానీ పేర్లు చెప్పకూడదు అంది. చెప్పేటప్పుడు నా వైపు చూడలేదు.

దారిలో మా ఆయన, గొడవ పడకు, మర్యాదగా బతిమాలదాం అన్నాడు. నా మర్యాద ఎడమ కంటితోనే పోయిందన్నాను.

మార్చి 11, మంగళవారం

కంపెనీ మనిషి స్వయంగా షాపుకొచ్చాడు. ఒంటి మీద ఒక్క మడత లేదు, మాటలో కూడా. ఇస్త్రీ అని పేరు పెట్టాను.

కొత్త రకం పంపు వస్తోందట, పాతవాటిని ఇక నడపలేరట. పాత పొరలు వెనక్కి తీసి రంధ్రాలు ఎంత అరిగాయో చూస్తే కొత్తది బాగా చేయొచ్చట. మరి కొత్తది నాకు పెడతారా అన్నాను. ఈ దశలో చెప్పలేం అన్నాడు. నా కళ్ళకి పట్టింది నీరు, మీ కళ్ళకి కమ్మింది మాత్రం కొవ్వు అన్నాను. లోపల్నుంచి మా ఆయన దగ్గాడు.

పొర ఎవరిదండీ అన్నాను. కంపెనీదేనమ్మా అన్నాడు. ఊరంతా బోర్డుల మీద కళ్ళజోడు పెట్టుకుని నవ్వుతున్న నా ఫొటో? అదీ కంపెనీదే. మరి కన్ను?

టై సర్దుకున్నాడు.

పోతూ పోతూ నన్ను మంచి చేసుకోవాలని ఆర్డర్ ఇచ్చాడు. శుక్రవారం కాక పై శుక్రవారం కొత్త పంపుకి డబ్బు పెట్టే పెద్దలు వస్తారట. హాల్లో పెట్టడానికి ఫ్రేములు కావాలట. అన్నిటికన్నా పెద్దది నా ఫొటో, నిలువెత్తు. కింద రాత: 'ఆమె మళ్ళీ చూస్తోంది.'

తీసుకున్నాను.

మార్చి 12, బుధవారం

ఆర్డర్ పుచ్చుకున్నానని మా ఆయన సంబరపడుతున్నాడు. పాపం.

మార్చి 19, బుధవారం

ఫొటోలో నా ముఖం మేర కోసేశాను. గాజు కోసే చేతికి కాగితం ఒక లెక్కా? ఆ ఫ్రేముకి గాజు వేయలేదు, వెనక అట్టా వేయలేదు. నా ముఖం పెట్టి చూసుకున్నాను. సరిగ్గా సరిపోయింది. నా ముఖం కాబట్టి సరిపోక ఏం చేస్తుంది.

మా ఆయన చూసి కూలబడ్డాడు. ఈ వయసులో ఇదేం కోతిపని అన్నాడు. ఫ్రేము కదలకుండా వెనక ఎవరైనా పట్టుకోవాలి, నువ్వు పట్టుకోకపోతే దర్జీని పిలుస్తాను అన్నాను. దర్జీ ఎందుకూ అన్నాడు.

మార్చి 21, శుక్రవారం, సాయంత్రం

జరిగింది జరిగినట్టు రాయాలి, లేకపోతే రేపటికి నేనే పెంచేస్తాను.

ఫ్రేములన్నీ మేమే మోసుకెళ్ళి పెట్టాం. పెద్దదాన్ని వేదిక మీద నల్ల తెరకి ఆనించి గుడ్డ కప్పాం. అందరూ భోజనాల గదిలో ఉండగా తెర వెనక చేరాం. నేను స్టూలు మీద, తెర సందులోంచి ముఖం కంతలో. ఆయన కింద కూర్చుని ఫ్రేము అడుగు పట్టుకున్నాడు. ఆయన వణుకుతుంటే ఫొటో కూడా వణికింది. ఊపిరి బిగబట్టు అంటే, ఎప్పుడో బిగబట్టాను అన్నాడు.

ఇస్త్రీ మాట్లాడాడు. పొర, రంధ్రాలు, నీరు, భవిష్యత్తు. ఈవిడ జీవితంలో వెలుగు నింపాం అన్నాడు. ఎవరో పెద్దాయన గుడ్డ లాగాడు. చప్పట్లు కొట్టారు. ఫొటో భలే సహజంగా ఉంది అందొకావిడ.

నేను కన్ను కొట్టాను.

ఏ కన్నంటే, చూపున్న కన్నే. పోయినది తెరిచే ఉంది. కొట్టే ముందు ఆలోచించలేదు. రెప్ప పడిందో లేదో హాలు పోయింది. దీపాలు, మనుషులు, ఇస్త్రీ, అన్నీ ఒక్కసారిగా పోయాయి. కేకలు మాత్రం వినిపించాయి. ఇదన్నమాట ఏప్రిల్ అనుకున్నాను. అరక్షణం ఉంటుందేమో. రెప్ప ఎత్తడానికి భయం వేసింది, ఎత్తాక ఏమీ కనబడకపోతే?

కనబడింది. గ్లాసు జారవిడిచిన పెద్దావిడ కనబడింది.

అప్పుడు చెప్పాను. బాబూ, ఈ కన్ను నెలాఖరు దాకే పనిచేస్తుంది. తర్వాత వీళ్ళు ఆపేస్తారు. మీరు డబ్బు పెట్టబోయే పంపు మీ అమ్మ కంట్లో పెడితే, దాన్ని ఎన్నాళ్ళకి ఆపుతారో ముందే అడిగి పెట్టండి.

సెక్యూరిటీవాళ్ళు వచ్చి ఫ్రేముతో సహా మోసుకుపోయారు. నా ముఖం ఇంకా కంతలోనే ఉంది. వీడియో తీయడానికి ఫోన్లన్నీ పైకి లేచాయి.

మార్చి 24, సోమవారం

ఇస్త్రీ ఫోన్. గొంతులో మొదటిసారి మడతలు. నా కళ్ళజోడుకి కరెంటు ఆపరట. జీవితాంతం ఇస్తారట. నా ఒక్కదానికే. మిగతావాళ్ళ ఊసు మాత్రం ఎక్కడా ఎత్తకూడదట.

అంటే కంట్లో పొర ఉంచుతారు, నోటికి పొర వేసుకోవాలి.

రేపు చెప్తానన్నాను. నా బతుకులో జవాబు రేపటికి వాయిదా వేయడం ఇదే మొదలు.

మార్చి 25, మంగళవారం

మా ఆయన ఒప్పుకోమన్నాడు. గడ్డం పట్టుకుని అడిగాడు. మిగతావాళ్ళు ఎవరో మనకి తెలియను కూడా తెలియదు కదే అన్నాడు. నిజమే. తెలియకపోవడమే కంపెనీవాళ్ళకి కలిసొచ్చింది.

మా అమ్మ గోడ పట్టుకుని నడిచిన చోట సున్నం నల్లబడి ఉండేది, చెయ్యెత్తున. అదే గుర్తొస్తోంది. నాకు భయంగానే ఉంది. ఎవరూ చదవరు కాబట్టి రాస్తున్నాను.

ఇస్త్రీకి ఫోన్ చేశాను. నా నోటికి లక్ష రంధ్రాలు, మీ కంపెనీ మొత్తం వచ్చినా పూడ్చలేరు అన్నాను. పెట్టేశాను.

మా ఆయన మధ్యాహ్నం దాకా అద్దాలు తుడుస్తూనే ఉన్నాడు. తర్వాత, నువ్వు ఆ రోజు కన్ను మూసినప్పుడు వెనక నేనూ మూసుకున్నాను, చాలాసేపు తెరవలేకపోయాను అన్నాడు. అట్టముక్క తెచ్చి లావు అక్షరాలతో రాసి షాపు ముందు వేలాడదీశాడు: 'కళ్ళజోడు కాడలో కరెంటున్నవాళ్ళు లోపలికి రండి.'

మార్చి 28, శుక్రవారం

పొద్దున షట్టరు ఎత్తేసరికి మెట్ల మీద ఐదుగురు. ఐదుగురికీ నాలాంటి కళ్ళజోడే. ఫ్రేములు కావాలన్నారు, ముఖం పట్టేంతవి. గాజు వద్దన్నారు.